మెంతులు: మందుకు తోడే గాని, మందుకు మారు కాదు

ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదని సామెత. మెంతులకు అంత పేరు రాలేదు గాని, మెంతులు లేని పోపులపెట్టె మన తెలుగిళ్లలో కనిపించదు. ఆవకాయలో మెంతిపిండి, పులుసులో పోపు, ఎండాకాలంలో మెంతిమజ్జిగ, చలికాలంలో మెంతికూర పప్పు - ఏదో ఒక రూపంలో ఆ చిరుచేదు మన నాలుకకు తగులుతూనే ఉంటుంది. వంటతో పాటు వైద్యం కూడా నడుస్తూనే ఉంది. కడుపులో వేడికి, విరేచనాలకు, బాలింత పాలకు, జుట్టుకు, ఇప్పుడు మరీ ముఖ్యంగా చక్కెర వ్యాధికి మెంతులు వాడని ఇల్లు తక్కువ.

ఈ వారం వాటిని గురించి వ్రాయడానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసే ప్రభుత్వాస్పత్రికి ఒక కిరాణా కొట్టు యజమాని వస్తూ ఉండేవారు. వయస్సు యాభై దాటింది. పదేళ్లుగా మధుమేహం. మాత్రలతో పాటు రెండు పూటలా ఇన్సులిన్ తీసుకునేవారు. ఒకరోజు నేను చీటీ వ్రాస్తూ ఉండగా, "డాక్టరుగారూ, మెంతులు వాడితే షుగరు తగ్గుతుందంటున్నారు, నిజమేనాండీ?" అని అడిగారు. బయట వరండాలో ఇంకా డెబ్బై ఎనభై మంది నిలబడి ఉన్నారు. నేను తల ఎత్తకుండానే "మంచివేనండి, వాడుకోండి" అన్నాను. అంతటితో ఆ సంగతి మరచిపోయాను.

ఆయన మరచిపోలేదు. తమ కొట్టులోని మెంతులే రాత్రిళ్లు నానబెట్టుకుని, పొద్దున్నే ఆ నీళ్లు తాగడం మొదలుపెట్టారు. వారం పోయాక పరగడుపున రక్తం పరీక్ష చేయిస్తే చక్కెర కొంచెం తగ్గి కనిపించింది. ఇంకేముంది, డాక్టరే చెప్పాడు గదా అని ముందు మాత్రలు మానేశారు, తర్వాత ఇన్సులిన్ మానేశారు. నెలన్నర గడిచింది. ఒక అర్ధరాత్రి వారి అబ్బాయి ఆయనను ఆటోలో తీసుకువచ్చాడు. ఆగని వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, నోరు పిడచకట్టుకుపోయి మగతగా ఉన్నారు. కాలి వేళ్ల సందున చీము పట్టిన పుండు. సెలైను, ఇన్సులిన్ ఎక్కించి, పెద్దాస్పత్రికి పంపించాం. ప్రాణం దక్కింది గాని రెండు కాలివేళ్లు తీసేయక తప్పలేదు.

తిరిగి వచ్చాక ఆయన నన్ను నిష్ఠూరమాడలేదు. "మీరు మంచివే అన్నారు గదండీ" అన్నారు, అంతే. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. మెంతులు మంచివే. నేను సగం మాట చెప్పి సగం మింగేశాను. ఆ మింగేసిన సగం ఇప్పుడు మీకు చెబుతాను.

గింజలో ఏముంది?

మెంతులు పప్పుజాతి గింజలు. శనగలు, వేరుశనగలు, కందులు వీటికి చుట్టాలే. నూరు గ్రాముల మెంతులలో సుమారు 25 గ్రాములు మాంసకృత్తులు. దాదాపు సగం బరువు పీచుపదార్థం. ఈ పీచులో కొంత నీటిలో కరగదు, కొంత నీరు తగిలితే జిగురుగా మారుతుంది. రాత్రి నానబెట్టిన మెంతులను పొద్దున వేళ్ల మధ్య నలిపి చూడండి. వేళ్లకు అంటుకునే ఆ జిగురులోనే మెంతుల బలం చాలావరకు ఉన్నది.

అన్నంతో పాటు ఈ జిగురు కూడా లోపలికి వెళితే, తిన్న పిండిపదార్థం పేగులలో నిదానంగా అరుగుతుంది. అందువల్ల చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి దూకకుండా మెల్లమెల్లగా చేరుతుంది. భోజనం తర్వాత చక్కెర బాగా పెరిగిపోయేవారికి ఇది మేలు. అదే జిగురు పేగులలోని పైత్యరసాన్ని కొంత పట్టుకుని మలంతో బయటకు పంపేస్తుంది. పోయిన పైత్యరసాన్ని మళ్లీ తయారు చేసుకోవడానికి కాలేయం కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఆ విధంగా రక్తంలో కొలెస్టరాల్ కూడా కొంత తగ్గవచ్చు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మెంతులు చేసే పని ఎక్కువ భాగం పేగులలోనే జరుగుతుంది. శరీరంలో ఇన్సులిన్ చాలినంత ఊరనివారికి ఆ లోటును ఏ గింజా పూడ్చలేదు. ఇంట్లోకి నీళ్లు వచ్చే వేగాన్ని మెంతులు తగ్గించగలవు గాని, తూము మూసుకుపోతే దాన్ని తెరవలేవు. కొట్టు యజమాని విషయంలో జరిగింది అదే.

హైదరాబాదులో జరిగిన పరిశోధన

మెంతులకు మధుమేహంలో పేరు ఊరికే రాలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు దీనిమీద పరిశోధన చేసి 1990లో ఫలితాలు ప్రచురించారు. ఇన్సులిన్ మీద ఆధారపడిన కొద్దిమంది రోగులకు రోజుకు 100 గ్రాముల మెంతిపిండిని, అదీ కొవ్వు తీసేసిన పిండిని, మధ్యాహ్న భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం చొప్పున 10 రోజులు పెట్టారు. పరగడుపు చక్కెర తగ్గింది. మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది. కొలెస్టరాల్ కూడా తగ్గింది. తర్వాత ఇంతకంటె తక్కువ మోతాదులతో కూడా పరీక్షలు జరిగాయి. వాటిలోనూ కొంత గుణం కనిపించింది.

ఈ పరిశోధన గురించి విన్నవారు మూడు సంగతులు వదిలేస్తూ ఉంటారు.

మొదటిది మోతాదు. తలకొట్టి కొలిచిన టీచెంచాలో పట్టే మెంతులు సుమారు 4 గ్రాములు. 100 గ్రాములంటే 25 చెంచాలు! మనం నానబెట్టేది ఒక చెంచా. దానికీ దీనికీ ఫలితం ఒకటిగా ఉంటుందని ఆశించకూడదు. అలాగని మీరు ఇంట్లో 25 చెంచాలు తినమని కూడా నేను చెప్పడం లేదు. అంత మోతాదు వైద్యుల కళ్లెదుట వాడవలసిందే.

రెండవది వాడిన తీరు. అక్కడ పెట్టింది గింజల పిండి, అదీ భోజనంతో కలిపి. మనలో చాలామంది నానిన నీళ్లు తాగి గింజలు పారేస్తారు. నీళ్లలోకి దిగేది కొంత జిగురే. పీచు చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. గింజ పారేసి నీళ్లు తాగడమంటే పప్పు పారబోసి కట్టు మాత్రం తాగడం లాంటిది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఆ రోగులు ఇన్సులిన్ మీద ఉన్నవారు. ఇన్సులిన్ మాన్పించి దాని బదులు మెంతులు పెట్టిన పరీక్ష కాదది.

ఎలా వాడుకోవాలి?

మధుమేహం ఉన్నవారు, లేనివారు కూడా రోజుకు ఒక చెంచా మెంతులతో మొదలుపెట్టవచ్చు. రాత్రి అరగ్లాసు నీళ్లలో నానబెట్టి, మర్నాడు గింజలతో సహా నమిలి తిని, నీళ్లు తాగండి. చేదు భరించలేకపోతే మజ్జిగలో రుబ్బి కలుపుకోండి. చపాతీ పిండిలో మెంతిపిండి కలపడం, దోసెలకు మినపప్పుతో పాటు మెంతులు నానబోయడం మనకు అలవాటున్న పనులే. కడుపుకు సరిపడితే వారం పది రోజులలో రెండు మూడు చెంచాల దాకా పెంచుకోవచ్చు. రెండు పూటల భోజనానికీ పంచుకుంటే ఇంకా మంచిది.

మొదట్లో కడుపుబ్బరం, గాలి పోవడం, కొందరికి విరేచనాలు కావచ్చు. అప్పుడు మోతాదు తగ్గించండి. పొడి మెంతిపిండిని నోట్లో పోసుకుని మింగకండి. అది గొంతులో నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, ముఖ్యంగా వృద్ధులకు అడ్డుపడవచ్చు. ఎప్పుడూ తగినన్ని నీళ్లతోనో, మజ్జిగతోనో తీసుకోవాలి. చెమటలో, మూత్రంలో మెంతుల వాసన వస్తే కంగారుపడకండి. అది రోగం కాదు.

ఇక మెంతికూర ఆకుకూరే. పప్పులోనో, కూరలోనో మీ ఇష్టం వచ్చినంత వండుకోండి. ఇసుక పోయేదాకా రెండు మూడుసార్లు కడగడం మాత్రం మరచిపోవద్దు.

ఎవరు జాగ్రత్తపడాలి?

కూరలో, పచ్చడిలో పడే మెంతుల వల్ల సాధారణంగా ఎవరికీ భయం లేదు. నేను చెప్పే జాగ్రత్తలు మందులాగా చెంచాలు కొలిచి రోజూ వాడేవారికి.

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు: మందులు మానకూడదన్నది ఒక జాగ్రత్త. దానికి అటువైపున మరొకటి ఉంది. మందూ, మెంతులూ కలిసి చక్కెరను అవసరానికి మించి దించవచ్చు. గ్లైబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఏకాదశి ఉపవాసం ఉండి, మాత్ర వేసుకుని, పైన మెంతిపిండి కూడా తీసుకున్న ఒక పెద్దావిడను స్పృహలేని స్థితిలో మా దగ్గరకు తెచ్చారు. సమయానికి తెచ్చారు గనుక బతికింది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమకగా మాట్లాడడం - ఇవి చక్కెర పడిపోయిన లక్షణాలు. వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తండి.

రక్తం పలుచబడే మందులు వాడేవారు: గుండె కవాటం మార్పించుకున్నవారు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవారు వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వంటి మందులు వాడుతూ ఉంటారు. మెంతులతో వీటి ప్రభావం పెరిగి రక్తస్రావం కావచ్చు. డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు: పొద్దున్నే పరగడుపున వేసుకోవలసిన మాత్ర అది. మెంతుల నీళ్లూ పరగడుపునే తాగుతారు. రెండూ కలిస్తే పీచు అడ్డుపడి మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. మాత్రను మంచినీళ్లతో వేసుకుని, మెంతులను మధ్యాహ్న భోజనానికి మార్చుకోండి. మిగతా మందులకు కూడా గంటా రెండు గంటల ఎడం ఉంచడం మంచిది.

గర్భిణులు: వంటలో మెంతులు, మెంతికూర నిశ్చింతగా తినవచ్చు. కషాయాలు, చెంచాల కొద్దీ పిండి మాత్రం వద్దు. ఎక్కువ మోతాదులో గర్భసంచిని బిగిసేటట్టు చేసే గుణం వీటికి ఉండవచ్చని అనుమానం. కాన్పుకు ముందు తల్లి మెంతుల కషాయం తాగిన సందర్భాలలో, పుట్టిన బిడ్డ మూత్రానికి మాడిన పంచదార పాకం వంటి వాసన వచ్చి, పుట్టుకతో వచ్చే ఒక ప్రమాదకరమైన జబ్బేమోనని డాక్టర్లు భ్రమపడిన ఉదంతాలు వైద్యగ్రంథాలకు ఎక్కాయి.

శనగలు, వేరుశనగలు పడనివారు: ఇవి తింటే దద్దుర్లు, ఆయాసం వచ్చేవారికి మెంతులు కూడా పడకపోవచ్చు. ఉబ్బసం ఉన్నవారు మెంతులు దంచేటప్పుడు ఆ పొడి పీల్చకుండా దూరంగా ఉండాలి.

మొలకెత్తిన మెంతులు తినేవారు: మొలకలు మంచివని అందరూ అంటున్నారు. మంచివే, కాని గింజ మొలకెత్తే తడి, వెచ్చదనమే సూక్ష్మక్రిములకూ అనుకూలం. 2011లో జర్మనీలో మొలకల వల్ల ఒక రకం ఇ. కోలై క్రిమి వ్యాపించి, దాదాపు 4 వేల మంది జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మూలం వెతుక్కుంటూ పోతే ఈజిప్టు నుంచి దిగుమతి అయిన మెంతుల దగ్గర ఆగింది. మొలకలను ఆవిరిమీదో, బాణలిలోనో బాగా ఉడికించి తినండి. పసిపిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు పచ్చి మొలకలు పెట్టకండి.

మిగతా ఇంటి వైద్యాల మాట

మలబద్ధకానికి మెంతులు నిజంగానే పనిచేస్తాయి, నీళ్లు బాగా తాగితే. విరేచనాలప్పుడు చెంచాడు మెంతులు మజ్జిగతో మింగడం మన పెద్దల పద్ధతి. పెద్దవాళ్లు మామూలు విరేచనాలకు అలా చేస్తే తప్పులేదు గాని, ప్రాణం కాపాడేది ఉప్పు, చక్కెర కలిసిన నీళ్లు. ఓ.ఆర్.ఎస్. పొట్లం ముందు, మెంతులు తర్వాత. పసిపిల్లలకు అయితే మెంతుల జోలికి పోనేవద్దు. రక్తం పడినా, జ్వరం ఉన్నా ఇంట్లో కూర్చోవద్దు.

నానబెట్టి రుబ్బిన మెంతులు తలకు పట్టిస్తే జుట్టు మెత్తబడుతుంది. ఊడిన జుట్టు మొలుస్తుందని మాత్రం నేను హామీ ఇవ్వను. దురద పుడితే కడిగేసి మళ్లీ వాడకండి.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా అమ్మాయికి కాన్పు అయి మూడు వారాలైంది. పాలు చాలడం లేదు. మెంతులు పెట్టమని మా అత్తగారు అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: మెంతులతో పాలు పెరుగుతాయని కొన్ని పరీక్షలు, పెరగవని కొన్ని పరీక్షలు చెబుతున్నాయి. మెంతికూర పప్పు హాయిగా పెట్టండి. అయితే పాలను ఊరించేది బిడ్డ చీకడమే. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలివ్వాలి. బిడ్డ చనుమొనను మాత్రమే కాక, చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా నోటి నిండా పట్టుకుంటున్నదో లేదో చూడండి. తల్లికి నిద్ర, కడుపు నిండా భోజనం ఉండాలి. బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. లేకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మెంతులు మొదలుపెట్టాక నా పరగడుపు చక్కెర 160 నుంచి 130కి వచ్చింది. మాత్ర సగం చేసుకోవచ్చా?

జవాబు: మీరుగా చేసుకోవద్దు. ఒక్క పొద్దున చూసిన అంకె ఒక్క పొద్దుటి సంగతే చెబుతుంది. భోజనమైన రెండు గంటలకు పరీక్ష చేయించండి. గడచిన రెండు మూడు నెలల సగటును చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష కూడా చేయించండి. ఆ కాగితాలు పట్టుకుని మీ డాక్టరు దగ్గరకు వెళ్లి, "నేను రోజూ ఇన్ని చెంచాల మెంతులు వాడుతున్నాను" అని చెప్పండి. తగ్గించవలసి ఉంటే ఆయనే తగ్గిస్తారు. అలా తగ్గినవారు ఉన్నారు కూడా.

ప్రశ్న: కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, మెంతులు - మూడూ కలిపి తీసుకుంటే గుణం మూడింతలవుతుందా?

జవాబు: గుణం సంగతి ఎలా ఉన్నా, చక్కెర ఎప్పుడు ఎంత పడిపోతుందో అంతుపట్టకుండా పోతుంది. దేనివల్ల మేలు జరిగిందో, దేనివల్ల కడుపు పాడైందో కూడా తెలియదు. ఏదైనా ఒకటి ఎంచుకుని, డాక్టరుతో చెప్పి వాడండి.

చివరగా ఒక మాట. ఇంటి మందు వాడుతున్నామని చెబితే డాక్టరు కసురుకుంటాడేమోనని చాలామంది దాచిపెడతారు. కసురుకుంటే కసురుకోనివ్వండి, చెప్పడం మాత్రం మానకండి. మేము హడావిడిలో "మంచిదే" అని తేల్చేస్తే, కుర్చీలోంచి లేవకుండా ఇంకొక్క ప్రశ్న అడగండి: "మరి ఇప్పుడు వాడే మందుల సంగతేమిటండీ?"

ఆ కొట్టు యజమాని ఇప్పటికీ నెలకొకసారి వస్తారు. ఇన్సులిన్ వేళ తప్పరు. మెంతులు కూడా మానలేదు, చపాతీ పిండిలో కలుపుకుంటున్నారు. తమ కొట్టుకు మెంతుల కోసం వచ్చిన వారిని, "వంటకా, షుగరుకా?" అని అడిగి, షుగరుకంటే "మందు మానకండి సుమా" అని చెప్పి మరీ పొట్లం కడుతున్నారట. నేను ఆరోజు చెప్పవలసిన మాటను ఆయన రోజూ చెబుతున్నారు.